కచేరీ పియానిస్టు: నోటిఫికేషన్ రాని కొలువు

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని ఒంటరిగా గానీ ఆర్కెస్ట్రాతో కలిసి గానీ వేదిక మీద వాయించి, దాని మీదే బతికేవారు కచేరీ పియానిస్టులు. ఈ వృత్తిలో ఖాళీల ప్రకటనలుండవు. సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవారికి నెల జీతం ఉంటుంది. సోలో పియానిస్టుకు అక్కడ పోస్టే లేదు. ఆర్కెస్ట్రా ఒక కచేరీకో, వరసగా రెండు మూడింటికో అతిథిగా పిలిచి పారితోషికం ఇస్తుంది. ఏజెంటు కమీషన్, ప్రయాణ ఖర్చులు, పన్నులు పోను మిగిలిందే ఆదాయం. ఈ రంగంలోకి రావాలనుకునేవారు వేళ్ల వేగం సంగతి కంటే ముందు ఈ లెక్క తెలుసుకోవాలి.

చదువు చిన్ననాడే మొదలవుతుంది. పేరున్న పియానిస్టుల్లో ఎక్కువమంది అయిదు నుంచి ఏడేళ్ల వయసుకే పియానో ముందు కూర్చున్నవారు. దీనికి మినహాయింపుగా స్వియతోస్లావ్ రిక్టర్ పేరు చెబుతుంటారు. ఆయన 22వ ఏట, 1937లో, మాస్కో కన్సర్వేటరీలో హైన్రిక్ నోయ్‌హౌస్ దగ్గర చేరేదాకా పెద్దగా గురుశిక్షణ పొందలేదు. కానీ అప్పటికే ఒడెస్సా ఒపెరాలో గాయకులకు రిహార్సల్ పియానో వాయించిన అనుభవం ఆయనకుంది. కాబట్టి ఆలస్యంగా మొదలుపెట్టడానికి ఆయన్ని ఉదాహరణగా తీసుకోవడం సరికాదు.

బాక్ రాసిన 48 ప్రెల్యూడ్-ఫ్యూగ్ జంటలు, బీథోవెన్ 32 సొనాటాలు, షోపాన్ ఎట్యూడ్‌లు ఈ విద్యకు పునాది. వీటితోపాటు ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే కొన్ని కాన్చెర్టోలు ఎప్పుడు పిలిచినా వాయించగలిగేలా చేతిలో ఉండాలి. సోలో కచేరీలో నోట్స్ చూడకుండా వాయించడం 19వ శతాబ్దంలో క్లారా షూమన్, ఫ్రాంజ్ లిస్ట్ వంటివారి కాలం నుంచి స్థిరపడిన ఆనవాయితీ. జ్ఞాపకశక్తి ఎంత లోతుగా పాతుకోవాలో పోర్చుగల్ పియానిస్టు మరియా జువావ్ పిరెస్‌కు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎదురైన సంఘటన చూపిస్తుంది. ప్రేక్షకుల ఎదుట జరుగుతున్న రిహార్సల్‌లో రికార్డో షయీ నిర్వహణలో ఆర్కెస్ట్రా మోత్సార్ట్ 20వ కాన్చెర్టో ఎత్తుకుంది. ఆమె సిద్ధమై వచ్చింది మోత్సార్ట్‌దే ఇంకో కాన్చెర్టోకు. పియానో వంతు రావడానికి ఉన్నవి రెండు మూడు నిమిషాలు. ఆ వ్యవధిలోనే ఆమె తేరుకుని, ఎప్పుడో నేర్చుకున్న ఆ కాన్చెర్టోను జ్ఞాపకం నుంచే వాయించేశారు. ఆ వీడియోలో ఆర్కెస్ట్రా మొదలవగానే ఆమె ముఖం పాలిపోవడం కనిపిస్తుంది. విద్యార్థులు తప్పక చూడవలసిన దృశ్యం అది.

రోజుకు నాలుగైదు గంటల సాధన ఈ వృత్తిలో మామూలు. అంతకు మించితే లాభం కంటే నష్టమే ఎక్కువని చాలామంది గురువులు హెచ్చరిస్తారు. అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్ కుడిచేతి వేళ్లు 1960ల మధ్యలో మాట వినడం మానేశాయి. ఫోకల్ డిస్టోనియా అనే నాడీ సమస్య అది. దశాబ్దాలపాటు ఆయన ఎడమచేతి రచనలు వాయిస్తూ, ఆర్కెస్ట్రాలు నడుపుతూ, పాఠాలు చెబుతూ గడిపారు. రెండు చేతులతో మళ్లీ వాయించగలిగింది 1990ల్లోనే. నొప్పి మొదలైన రోజే సాధన ఆపి డాక్టర్‌ను కలవడం ఈ విద్యలో భాగమే.

పేరు రావడానికి ప్రధాన దారి అంతర్జాతీయ పోటీలు. 1927లో మొదలైన వార్సా షోపాన్ పోటీ అయిదేళ్లకోసారి జరుగుతుంది. మార్తా ఆర్గెరిచ్ 1965లో, సాంగ్-జిన్ చో 2015లో అక్కడ గెలిచినవారు. న్యాయనిర్ణేతలకు ఎవరూ తగినట్టు కనిపించకపోతే మొదటి బహుమతే ఇవ్వరు. 1990, 1995ల్లో అదే జరిగింది. అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో నాలుగేళ్లకోసారి జరిగే వాన్ క్లైబర్న్ పోటీని 2022లో యుంచన్ లిమ్ 18 ఏళ్లకే గెలిచారు. ఇలాంటి చోట నగదు కంటే, బహుమతితోపాటు వచ్చే కచేరీలూ మేనేజ్‌మెంటూ విలువైనవి.

పోటీ కాకుండా ఇంకో దారి కూడా ఉంది, అది పూర్తిగా అదృష్టం చేతిలోనిది. 1963లో గ్లెన్ గౌల్డ్ అనారోగ్యంతో రాలేకపోతే న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో పదహారేళ్ల ఆండ్రే వాట్స్ వాయించారు. 1999లో అదే వాట్స్ రాలేకపోతే షికాగో సింఫనీతో పదిహేడేళ్ల లాంగ్ లాంగ్ వాయించారు. ఇద్దరి జీవితాలూ ఆ కచేరీలతోనే మలుపు తిరిగాయి.

తెలుగు విద్యార్థి చాలావరకు 61 మీటల కీబోర్డుతో మొదలుపెడతాడు. సినిమా పాటకు అది చాలు, ఈ విద్యకు చాలదు. పియానోకు 88 మీటలు ఉంటాయి, వాటికి బరువు ఉంటుంది. తేలిక మీటలకు అలవాటుపడిన వేళ్లకు ఆ బరువు మీద పట్టు దొరకదు. అసలు పియానో కొనే స్తోమత లేనివారు కనీసం బరువు మీటల డిజిటల్ పియానో తీసుకోవాలి. భారత్‌లో ఎక్కువమంది ప్రైవేటు టీచర్ల దగ్గర నేర్చుకుని, లండన్‌కు చెందిన ఏబీఆర్‌ఎస్‌ఎం, ట్రినిటీ సంస్థల గ్రేడ్ పరీక్షలు రాస్తారు. గ్రేడ్ 8 పూర్తయితే శిక్షణ ముగిసినట్టేనని తల్లిదండ్రులు అనుకుంటారు. విదేశీ కన్సర్వేటరీల ఆడిషన్‌కు అది ఆరంభం మాత్రమే. చెన్నైలో ఏ.ఆర్.రెహమాన్ 2008లో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ దగ్గర్లో ఉన్న మంచి మెట్టు.

విదేశీ చదువులో ఫీజుల తేడా చాలా ఎక్కువ. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాసంస్థ 1928 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు, సీటు దొరకడమే గగనం. జర్మనీలో ఎక్కువ ప్రభుత్వ సంగీత విద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు ఉండదు; బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. జర్మన్ భాషా పరీక్ష కూడా సాధారణంగా అడుగుతారు.

శిక్షణ పొందినవారిలో సోలో కచేరీలతోనే జీవించేవారు కొద్దిమందే. మిగతావారికి గాయకులకు, వయొలిన్ విద్యార్థులకు సహవాద్యం, ఒపెరా, బ్యాలే రిహార్సళ్లు, చాంబర్ సంగీతం, బోధన ఉపాధినిస్తాయి. భారత్‌లో ఇంటర్నేషనల్ స్కూళ్ల సంగీత టీచర్ పోస్టులు, రికార్డింగ్ పనులు వీటికి తోడు. ఈ పనులన్నిటికీ కొత్త నోట్స్‌ను చూసిన వెంటనే వాయించగల నేర్పు కావాలి. గ్రేడ్ పరీక్షల్లో దానికుండే మార్కులు తక్కువ కాబట్టి విద్యార్థులు పట్టించుకోరు. రోజూ ఓ అరగంట దానికి కేటాయించినవారికి పని త్వరగా దొరుకుతుంది.