ఉత్తర మైదానముల వసంత వాతావరణము – గోధుమ పైరునకు ఆఖరు తడి

పంజాబు, హర్యాణా, పశ్చిమ ఉత్తరప్రదేశ మైదానములందు గోధుమ నవంబరు మాసమున విత్తబడి, ఏప్రిలు నడుమ వచ్చు వైశాఖీ పండుగ ప్రాంతమున కోతకు వచ్చును. పైరు అయిదు నెలలు నేలపై నున్నను, దాని ఫలితమును నిర్ణయించునది ఫిబ్రవరి నడుమనుండి మార్చి తుదివరకు గల ఆరు వారములే. అప్పుడే వెన్నులు వెలువడి, పూత పూచి, గింజ పాలుపోసుకొని గట్టిపడును. కేంద్ర ప్రభుత్వపు ధాన్యాగారములకు చేరు గోధుమలో పెద్ద పాలు పంజాబు, హర్యాణాలనుండి వచ్చునది గనుక, ఆ ఆరు వారముల గాలి తెలుగు జిల్లాలలోని గోధుమపిండి ధరను సైతము కదలింపగలదు. అచ్చటి మాసములు పూర్ణిమతో ముగియును. హోళీ మరునాడే వారికి చైత్రము ప్రవేశించును. ఉత్తరదేశపు రైతులు చైత్రమని చెప్పినప్పుడు తెలుగువారు ఈ పక్షము రోజుల భేదమును మరువరాదు.

చలికాలమున ఆ మైదానములకు వాన తెచ్చునది ఋతుపవనము కాదు. మధ్యధరా సముద్ర ప్రాంతమునుండి పైగాలులవెంట ఇరాను, ఆఫ్ఘనిస్థానముల మీదుగా తూర్పునకు సాగివచ్చు పశ్చిమ విక్షోభములే ఆ వానకు కారణము. జనవరియందు ఇట్టి వాన ఒక్కటి కురిసిన రైతునకు ఒక తడి ఖర్చు మిగులును. చలియు నిలిచి పైరు పిలకలు వేయును. మార్చియందు సంగతి వేరు. నేల వేడెక్కియుండును, మీదికి చల్లని గాలి వచ్చి చేరినప్పుడు ఉరుములు, ఈదురుగాలి, ఒక్కొక్కచో వడగండ్లు పుట్టును. విక్షోభము రాకున్న ఆకాశము నిర్మలమై ఎండ ముదురును. వచ్చినను భయమే, రాకున్నను భయమే యని రైతు లనుట ఇందువలననే.

ఈ రెండు భయములును వెంటవెంటనే నిజమయినవి. 1901 మొదలు లెక్కలున్న కాలమున దేశమంతటికిని 2022 మార్చియే అత్యంతోష్ణమైన మార్చి. పగటి ఉష్ణోగ్రత సగటు 33.1 డిగ్రీలు. ఆ నెల వర్షము సాధారణముకంటె నూటికి 71 పాళ్లు తక్కువ. గింజ నిండకమునుపే పైరు పండిపోయి, నొక్కు గింజ లయినవి. ఫిబ్రవరియందు 11 కోట్ల 13 లక్షల టన్నులుగా అంచనా వేయబడిన దేశపు గోధుమ పంట తుదకు 10 కోట్ల 77 లక్షల టన్నులుగా తేలెను. మే 13వ తేదీన ఎగుమతి నిషేధింపబడెను. పసిఫిక్ మహాసముద్రజలములు చల్లబడు లానినా దశ ఆ యేడు నడచుచునే యుండెను. కావున సముద్రపు వార్త యొక్కటి విని ఎండ తక్కువగునని నమ్ముట తగదు.

2023 ఫిబ్రవరి పగటి ఎండలో మరల 1901 నాటినుండి లేనంత హెచ్చయినది. రైతు లందరును వేడికే సిద్ధపడిరి. కాని మార్చి రెండవ పక్షమున వానలు, గాలులు, వడగండ్లు వచ్చి పైరును నేలకు పరచెను. గింజ మెరుపు పోయినందునను, నొక్కులు హెచ్చినందునను, పంజాబు, హర్యాణాలందు కొనుగోలు నిబంధనలను సడలించి, నూటికి 6గా నున్న నొక్కు, నూక గింజల హద్దును 18 వరకు పెంచవలసి వచ్చెను.

వాతావరణ శాఖవారు ఫిబ్రవరి తుదిని ప్రకటించు వేసవి సూచన మూడు నెలల సగటును గూర్చినది. అది విత్తన రకమును, విత్తు తేదీని ఆలోచించుటకు పనికివచ్చునేమో గాని, అప్పటికే పైరు చేనిలో నున్నది. నీరు పెట్టు దినమును దానినిబట్టి నిర్ణయింపరాదు. అందులకు జిల్లా వ్యవసాయ వాతావరణ సలహాయందలి అయిదు దినముల సూచనను చూడవలెను. అది మంగళ, శుక్రవారములందు వెలువడును. మరియొక సంగతి. మైదానములందు 40 డిగ్రీలు చేరనిదే వడగాలి యని ప్రకటింపరు. గింజ నిండు గోధుమకు 35 డిగ్రీలే చాలును హాని చేయుటకు. వడగాలి హెచ్చరిక లేదని నిశ్చింతగా నుండరాదు.

ఆఖరు తడియే చిక్కు. ఎండ ముదిరినప్పుడు తేలికపాటి తడి యిచ్చిన చేను చల్లబడి గింజకు కొంత గడువు దొరకును. అదే దినమున గాలి లేచినచో, తడిసిన నేలలో వేరు పట్టు వదలి, బరువెక్కిన వెన్నులతో పైరు ఒరిగిపోవును. నీరు పెట్టకపోవుట వలన కలుగు నష్టము కొంత. పడిపోయిన పైరు నష్టము తరచుగా అంతకంటె హెచ్చు. కావున సూచనలో వాన గాని గాలి గాని కనబడినచో రెండు మూడు దినములు ఓర్చుట మేలు. గాలి లేదని తెలిసినను, సాయంకాలము గాలి నిలిచిన పిమ్మటనే, పలుచగా, నిలువ నీరు లేకుండ పెట్టవలెను. కాలువ వంతు పగలే వచ్చిన రైతునకు ఈ వెసులుబాటు లేదు. గొట్టపు బావి గలవానికే యిది సులభము.

వరిగడ్డిని కాల్చక హ్యాపీ సీడరుతో విత్తిన చేలలో గడ్డి పరుపు నేల తేమను కాచును. ఎండ దెబ్బ కొంత తగ్గును. పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు ఎకరమునకు 4 కిలోల పొటాషియము నైట్రేటు 200 లీటర్ల నీటిలో కలిపి, పొట్ట దశయందొకమారు, పూత ఆరంభమున ఒకమారు చల్లుమని చెప్పుదురు. ఇది ఎండ పూర్తిగా ముదిరిన పిదప చేయు పని కాదు.

చలియు తేమయు నిలిచిన యేడు గురుదాసుపూరు, రూపనగరు, హోషియార్పూరు వంటి కొండక్రింది జిల్లాలలో పసుపు త్రుప్పు తెగులు కనబడును. ఆకును వ్రేలితో రుద్దిన పసుపు పొడి అంటును. ఎండ హెచ్చిన అదే తగ్గిపోవును.

వానకు తడిసి వెన్నుమీదనే మొలకెత్తిన గింజను విత్తనమునకు ఉంచరాదు. పడిన చేనిలో ముందుగా నిలువ నీటిని తీసివేసి, నిలిచిన భాగమును వేరుగా కోసి, వేరుగా నూర్చి ఆరబెట్టినచో, రెంటిని కలిపి అంగడికి తీసికొనిపోయి మంచి గింజ ధరను సైతము పోగొట్టుకొను అవస్థ తప్పును.