‘ఫార్మాట్ చెయ్యాలా?’ అని అడిగితే

మాండలికం అసైన్‌మెంట్ కోసం రాయపురంలో మా అమ్మమ్మ మాటలు 14 రికార్డింగులు చేశాను. ఫోన్‌లో చోటు లేక అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, ఫోన్‌లోవి తీసేశాను. తరవాత అక్క పెళ్ళి వీడియో కూడా అందులోకే ఎక్కించాను. మర్నాడు కాలేజీ కంప్యూటర్‌లో పెడితే, వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యనా అని అడిగింది. వెనకాల నించున్న ఇద్దరూ “ఓకే కొట్టెయ్” అన్నారు. కొట్టలేదు. మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

ముందు తేలికవి చూసుకోవాలి. ఇంకో పోర్టులో పెట్టాలి, వీలైతే సీపీయూ వెనకవైపు. ఇంకో కంప్యూటర్‌లో కూడా. మామూలు పెన్‌డ్రైవ్ మూతిలో 4 రేకులుంటాయి. చివరి రెండూ కరెంటుకి, మధ్య రెండూ సమాచారానికి. చివరివి కాస్త పొడుగు, అందుకని సరిగ్గా దిగకపోయినా లైటు వెలగొచ్చు. లైటుని నమ్మకండి. సముద్రం పక్కన మన ఇళ్ళలో ఆ రేకులు మసకబారతాయి కూడా; పొడిగుడ్డతో తుడవండి. నా డ్రైవ్ జబ్బు మాత్రం అది కాదు.

పెన్‌డ్రైవ్ మొదట్లో ఒక విషయసూచిక ఉంటుంది, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పేది. అది చెడితే కంప్యూటర్‌కి పుస్తకం మొత్తం చదవరానిదే. క్విక్ ఫార్మాట్ చేస్తే కొత్త ఖాళీ సూచిక వస్తుంది, లోపలి పేజీలు చాలావరకు అలాగే ఉంటాయి. విండోస్‌లో పూర్తి ఫార్మాట్ అయితే అన్నిటి మీదా సున్నాలే. అందుకే ముందు ఫైళ్ళు వెతుక్కోవాలి. వెతికి తీసినవి అదే డ్రైవ్‌లో సేవ్ చేశామో, ఇంకా దొరకని వాటి మీద మనమే రాసినట్టు.

ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం వాడాను. అది సూచిక జోలికి పోదు, ఫైలు మొదలయ్యే తీరుని బట్టి పోల్చుకుంటుంది. 9 రికార్డింగులు దొరికాయి. పేర్లు మాత్రం రావు, ఎఫ్ అక్షరం, పక్కన పొడుగు అంకెలు. ఏది ఏదో తెలియాలంటే వినాల్సిందే. రెండు రాత్రులు విన్నాను.

మిగిలిన 5 ఏమైనట్టు? డ్రైవ్‌లో రెండు ముఖ్యమైన చిప్పులుంటాయి. ఒకటి 1980లలో తోషిబాలో ఫుజియో మసువొకా కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ, ఇంకొకటి దాని లెక్క చూసే కంట్రోలర్. నకిలీవాటిలో ఈ లెక్కలవాడు అబద్ధం చెప్తాడు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాంతో డ్రైవ్ నిండా రాసి తిరిగి చదివిస్తే బయటపడుతుంది. సెకనుకి 10 ఎంబీ చొప్పున 64 జీబీ రాయడానికే గంటా ముప్పావు, చదవడం వేరే. (64 జీబీ అని ఉండి విండోస్ 59.6 చూపిస్తే అది మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతి వేరు.) నాది 8 కూడా నిండలేదు. ప్లాట్‌ఫారం మీద బేరమాడి కొన్నది, బేరం కుదిరిందని సంతోషించాను కూడా. జాగా అయిపోగానే పెళ్ళి వీడియో మళ్ళీ మొదటికొచ్చి సూచిక మీదా, అమ్మమ్మ మీదా ఎక్కేసింది. అక్కడ పోయినవి ఏ ప్రోగ్రాంతోనూ రావు. కాబట్టి కొన్న రోజే, ఖాళీగా ఉన్నప్పుడే పరీక్ష పెట్టుకోండి.

ఆ 5లో 3 నెల్లూరు పిన్నికి వాట్సాప్‌లో పంపి ఉన్నాను, తిరిగి తెప్పించుకున్నాను. తక్కిన రెంటి సంగతి అమ్మమ్మతో చెప్తే, “అంతసేపు చెప్పినానే, యాడికి పోయినాయే?” అంది. మళ్ళీ చెప్పింది. కాని ఇది కాలేజీకని ఈసారికి తెలిసిపోయింది. మొదటిసారి పదిచోట్ల ‘ఉండాది’ అన్న మనిషి, ఇప్పుడు సర్దుకుని కూర్చుని ‘ఉన్నది’ అంటోంది. నా అసైన్‌మెంట్‌కి కావలసింది ఆ ‘ఉండాది’యే. రెండూ రాసి, కింద తేదీలు వేసి మేడంకి ఇచ్చాను.