లెక్క ఎక్కడున్నా మనదే

మేళ్లచెరువు పెద్ద ఊరు. మండల కేంద్రం. 2016 అక్టోబరు దాకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. ఊళ్లో శంభులింగేశ్వర స్వామి గుడి ఉంది. మహాశివరాత్రికి పెద్ద జాతర జరుగుతుంది. ఎడ్ల పందేలు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఈ ప్రాంతంలో సున్నపురాయి ఉంది. అందుకే సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటితో పాటు లారీలు, కూలీలు, హోటళ్లు, దుకాణాలు పెరిగాయి.

ఇట్లాంటి ఊళ్లో ఆడవాళ్లు నడిపే వ్యాపారాలు చాలా ఉంటాయి. కిరాణం, టిఫిన్ బండి, కుట్టు మిషను, గాజుల కొట్టు, పాలు, మిరపపొడి. వ్యాపారం చిన్నదే కావచ్చు. లెక్క మాత్రం చిన్నది కాదు.

ఒక కిరాణం దుకాణం ఉందనుకుందాం. దాన్ని ఒక అక్క నడుపుతుంది. జాతర నాటి అమ్మకం ఇట్లా ఉంది:

చేతికి వచ్చిన పైసలు – 4,250 రూపాయలు
ఫోన్‌లో వచ్చిన పైసలు – 4,600 రూపాయలు
ఉద్దెర పోయింది – 750 రూపాయలు
మొత్తం అమ్మకం – 9,600 రూపాయలు

పైసలు మూడు దారుల్లో పోతున్నాయి. గల్లా పెట్టెలో చూస్తే 4,250 మాత్రమే కనిపిస్తుంది. మిగతా 5,350 రూపాయలు ఎక్కడున్నాయో లెక్క చెప్పాలి. లెక్క రాయకపోతే ఉద్దెర మరుపున పడుతుంది. మరుపున పడిన ఉద్దెర తిరిగి రాదు.

లెక్క ఎక్కడ రాయాలి?

మొదటి చోటు పుస్తకం. ఇది అందరికీ తెలిసిందే. పుస్తకానికి కరెంటు అక్కర్లేదు. సిగ్నల్ అక్కర్లేదు. కానీ వానకు తడిస్తే పోతుంది. చెదలు పడితే పోతుంది. కూడిక తప్పితే మనమే సరిచూసుకోవాలి.

రెండో చోటు ఫోన్. కొన్ని లెక్కలు ఫోన్‌లోనే ఉండిపోతాయి. ఫోన్ పగిలితే వాటితో పాటు లెక్క కూడా పోతుంది.

మూడో చోటు దూరాన ఉన్న కంప్యూటర్. దాన్ని సర్వర్ అంటారు. మనం రాసేది ఫోన్‌లోనే. కానీ ఆ లెక్క ఇంటర్నెట్ మీదుగా ప్రయాణం చేసి సర్వర్‌లో చేరుతుంది. ఫోన్ బావిలో పడినా లెక్క పోదు. కొత్త ఫోన్ కొని, అదే నంబరుతో తెరిస్తే పాత లెక్క మళ్లీ వస్తుంది.

ఇది కొత్త సంగతిలా అనిపిస్తుంది. నిజానికి మనకు తెలిసిందే. మీసేవ 2011లో మొదలైంది. కులం సర్టిఫికెటుకు, ఆదాయం సర్టిఫికెటుకు మీసేవకు పోతాం. ఆ కాగితాలన్నీ ఆ గదిలో మూటకట్టి పెట్టి ఉంటాయా? ఉండవు. వివరాలు దూరాన సర్వర్‌లో ఉంటాయి. మీసేవలో కూర్చున్న మనిషి వాటిని అక్కడి నుంచి తెప్పించి, అచ్చు వేసి ఇస్తాడు. దుకాణం లెక్క కూడా అట్లాగే.

ఈ సర్వర్లు పెద్ద పెద్ద భవనాల్లో ఉంటాయి. పగలూ రాత్రీ కరెంటు ఉండాలి. వేడెక్కకుండా చల్లదనం ఉండాలి. 2022 నవంబరులో అమెజాన్ కంపెనీ హైదరాబాదు ప్రాంతంలో ఇట్లాంటి కేంద్రాలు మొదలుపెట్టింది. మన లెక్క హైదరాబాదులో ఉండవచ్చు. ముంబైలో ఉండవచ్చు. వేరే దేశంలో కూడా ఉండవచ్చు.

కిరాయి ఇల్లు లాంటిది

వ్యాపారం లెక్క రాసే యాప్‌లు చాలా వచ్చాయి. ఖాతాబుక్ అట్లాంటిదే. అందులో తెలుగులో కూడా రాసుకోవచ్చు. ఇంకా పెద్ద వ్యాపారాలకు బిల్లులు, సరుకు నిలవ, జీతాలు, పన్ను లెక్కలు చూసే యాప్‌లు ఉన్నాయి. ఇవన్నీ పట్నంలోనే తయారు కావాలని లేదు. తమిళనాడులో తెన్‌కాశి దగ్గర ఒక పల్లెలో జోహో కంపెనీ ఆఫీసు పెట్టింది. వ్యాపారాలకు కావలసిన యాప్‌లు తయారుచేసే కంపెనీ అది.

ఈ యాప్‌ను మనం కొనుక్కోము. కిరాయికి తీసుకుంటాం. కిరాయి ఇంటి సంగతి మనకు తెలుసు. ఇంట్లో చేరే ముందు నాలుగు మాటలు అడుగుతాం. ఇక్కడ కూడా అవే అడగాలి.

కిరాయి ఎంత? కొన్ని యాప్‌లు మొదట ఉత్తగనే ఇస్తాయి. తర్వాత నెలకు ఇంత అని అడుగుతాయి. నెలకు 199 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 2,388 రూపాయలు అవుతుంది. ఆ యాప్ వల్ల అంతకన్నా ఎక్కువ ఉద్దెర వసూలు అవుతుందా? అవుతుంటే మంచిదే. కాకపోతే పుస్తకమే నయం.

కిరాయి కట్టకపోతే ఏమవుతుంది? సామాను లోపలే ఉండి, బయట తాళం పడుతుందా? ముందే తెలుసుకోవాలి.

ఖాళీ చేసేటప్పుడు మన సామాను మనం తీసుకుపోవచ్చా? అంటే, మన లెక్క మొత్తం దించుకుని కాగితం మీద అచ్చు వేసుకోవచ్చా? ఆ వీలు లేని యాప్ జోలికి పోవద్దు.

తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఇది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న.

నంబరు ఎవరిది?

ఆ దుకాణం అక్క బిడ్డ డిగ్రీ చదువుతుంది. సెలవులకు ఇంటికి వచ్చింది. తల్లి ఫోన్ చూసింది.

"అమ్మా, ఈ యాప్ ఎవరి నంబరు మీద తెరిచిండ్రు?"

"అన్న నంబరు మీద. వాడే పెట్టి ఇచ్చిండు."

"అన్న హైదరాబాదుల ఉంటుండు. నీ ఫోన్ పాడైందనుకో. కొత్త ఫోన్ల తెరవాలంటే ఓటీపీ ఎవరికి వస్తది?"

"వానికే వస్తది."

"వాడు డ్యూటీల ఉంటే?"

"వాడు ఫోన్ ఎత్తేదాక నాకు లెక్క దొరకదు."

"మరి దుకాణం ఎవరిదమ్మా?"

తల్లి కాసేపు మాట్లాడలేదు.

"దుకాణం నాదే. తాళంచెవి వాని దగ్గర పెట్టిన" అన్నది.

కొడుకు చెడ్డవాడు కాదు. మోసం చేయలేదు. అయినా లెక్క తల్లి చేతిలో లేదు. ఇద్దరూ కలిసి కొడుకుకు ఫోన్ చేశారు. అతను తనకు వచ్చిన ఓటీపీ చెప్పాడు. ఆ రోజే నంబరు మార్చుకున్నారు.

ఏ వ్యాపారం యాప్ అయినా ఎవరి నంబరు మీద ఉంటే వాళ్లదే పెత్తనం. దుకాణం మీదైతే నంబరు మీదే ఉండాలి. సిమ్ కూడా మీ పేరు మీదే ఉండాలి. ఫోన్ పోతే వెంటనే సిమ్ ఆపించాలి. అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోవాలి.

దుకాణంలో ఇంకెవరైనా లెక్క రాస్తుంటే వాళ్లకు మీ పాస్‌వర్డ్ ఇవ్వవద్దు. చాలా యాప్‌లలో పనివాళ్లకు వేరే దారి ఉంటుంది. వాళ్లు అమ్మకం రాయగలరు. చెరపలేరు. ఆ దారి ఉందో లేదో చూడండి.

వేలిముద్ర మళ్లీ వచ్చింది

చదువు రాని రోజుల్లో ఏం జరిగేది? అప్పు ఇచ్చేవాడు కాగితం తెచ్చేవాడు. "ఇక్కడ వేలు పెట్టు" అనేవాడు. కాగితంలో ఏముందో తెలిసేది కాదు. 500 తీసుకుంటే 5,000 రాసినా తెలిసేది కాదు. పొలాలు అట్లా పోయాయి. ఆ బాధ పోవాలనే కదా అక్షరాలు దిద్దింది!

ఇప్పుడు యాప్ తెరవగానే ఒక పెద్ద రాత వస్తుంది. కింద "అంగీకరిస్తున్నాను" అని ఉంటుంది. అది చదవకుండా బొటనవేలితో నొక్కేస్తాం. సిరా లేదు. కాగితం లేదు. కానీ ఇది కూడా వేలిముద్రే.

నొక్కే ముందు చదవండి. యాప్ ఏం అడుగుతుందో చూడండి. బిల్లు ఫోటో తీయడానికి కెమెరా అడిగితే అర్థం ఉంది. ఉద్దెర లెక్కకు మీ ఫోన్‌లోని మెసేజీలన్నీ చూడాల్సిన పని ఏముంది? అవసరం లేదనిపిస్తే "వద్దు" నొక్కండి. అయినా యాప్ నడుస్తుందేమో చూడండి.

"ఇంగ్లీషులో ఉంటే ఎట్ల చదవాలి?" అని అడగవచ్చు. మంచి ప్రశ్న. 2023లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. మనుషుల సొంత వివరాలను కాపాడే చట్టం అది. వివరాలు తీసుకునే ముందు మన అనుమతి అడగాలి. ఆ అడిగే మాటలను ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగంలోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. వాటిలో తెలుగు ఉంది. ఈ చట్టం మెల్లమెల్లగా అమలులోకి వస్తున్నది. కాబట్టి తెలుగులో అడగడం మన హక్కు.

పిన్, ఓటీపీ

ఫోన్‌తో పైసలు పంపే యూపీఐ పద్ధతి 2016లో వచ్చింది. ఒక మాట గుర్తు పెట్టుకోండి. పైసలు పంపడానికి పిన్ కావాలి. పైసలు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు. "పైసలు పంపుతున్న, పిన్ కొట్టక్కా" అని ఎవరన్నా అంటే అది మోసమే.

గిరాకీ ఫోన్‌లో టిక్కు చూపిస్తే నమ్మవద్దు. మన ఫోన్‌లో గానీ, మన ఖాతాలో గానీ పైసలు పడ్డాయో లేదో చూసుకోవాలి. మోసం జరిగితే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే పైసలు ఆపడానికి అంత వీలు ఉంటుంది.

గిరాకీ గుట్టు

కొన్ని యాప్‌లు ఉద్దెర రాయగానే గిరాకీ ఫోన్‌కు మెసేజీ పంపుతాయి. ఇది వసూలుకు మంచిదే. కానీ ఆ ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుంది? ఒక ఇల్లాలు పిల్లల కోసం ఉద్దెర తీసుకుంటుంది. మెసేజీ భర్త చూస్తాడు. ఇంట్లో గొడవ అవుతుంది. అందుకే ముందు అడగండి: "మెసేజీ పంపాల్నా, వద్దా?" గిరాకీ గుట్టు కాపాడటం కూడా వ్యాపారమే.

సంఘం లెక్క

మహిళా సంఘాలు కూడా దూరాన ఉన్న కంప్యూటర్ మీద ఆధారపడుతున్నాయి. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీనిధి మొదలైంది. మండల సమాఖ్యలు, ప్రభుత్వం కలిసి పెట్టిన సహకార సంస్థ ఇది. ఫోన్ ద్వారా అప్పు అడగవచ్చు. 48 గంటల్లో అప్పు అందాలన్నది లక్ష్యం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు సొంత స్త్రీనిధి ఉంది. దేశంలోని గ్రామీణ మహిళా సంఘాల లెక్కల కోసం కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ లోకోస్ అనే యాప్ తెచ్చింది.

యాప్‌లో ఎవరో ఒకరు ఎక్కిస్తారు. కానీ అప్పు అందరిది. పొదుపు అందరిది. కాబట్టి మీటింగులో అడగండి: "నా పేరు మీద ఎంత ఉంది? చూపియ్యండి." అడగడం అనుమానం కాదు. లెక్క చూసుకోవడం సభ్యురాలి పని. ఫోన్‌లో ఉన్న అంకె, పాస్‌బుక్‌లో ఉన్న అంకె ఒక్కటే కావాలి. తేడా ఉంటే ఆ రోజే తేల్చుకోవాలి.

నెలకొకసారి

యాప్ ఎంత మంచిదైనా పుస్తకం పారేయవద్దు. సిగ్నల్ లేని రోజు వస్తుంది. కంపెనీ మూతపడవచ్చు. అందుకని నెలాఖరున ఒక పూట ఈ పనులు చేయండి:

1. నెల మొత్తం అమ్మకం, ఖర్చు, ఉద్దెర పుస్తకంలో రాసుకోండి.
2. యాప్‌లోని లెక్క దించుకోండి. వీలైతే అచ్చు వేయించండి.
3. బ్యాంకు ఖాతాతో ఫోన్ పైసలు సరిచూడండి.
4. ఎవరెవరికి యాప్ తెరిచే దారి ఉందో చూడండి. పని మానేసిన వాళ్లను తీసేయండి.

ఏడాది పాటు ఇట్లా చేస్తే మీ చేతిలో ఏడాది లెక్క ఉంటుంది. బ్యాంకుకు అప్పుకు పోయినప్పుడు అది మీ మాటకు బలం ఇస్తుంది.

లెక్క దూరాన ఉండవచ్చు. దాన్ని చదివే కళ్లు మీవి. తాళంచెవి కూడా మీ దగ్గరే ఉండాలి.

చర్చించండి

1. మీ వ్యాపారం యాప్ ఎవరి నంబరు మీద ఉంది? ఎందుకు?
2. పుస్తకంలో లెక్కకు, సర్వర్‌లో లెక్కకు తేడా ఏమిటి?
3. ఒక యాప్ ఏడాదికి 1,200 రూపాయలు తీసుకుంటుంది. నెలకు ఎంత పడుతుంది? అది మీకు గిట్టుబాటేనా?
4. మీ ఫోన్‌లో ఒక యాప్ తెరవండి. అది వేటికి అనుమతి అడిగిందో చదివి సంఘంలో చెప్పండి.

ఈ మాటలు చదవండి, రాయండి

సర్వర్, యాప్, పాస్‌వర్డ్, ఓటీపీ, పిన్, అనుమతి, అంగీకారం, ఉద్దెర.