కంట్రోల్ చక్రం బిగుసుకుంటే ఏం చేయాలి?

ప్రశ్న: చిన్న విమానంపై పైలట్ శిక్షణ పొందుతున్నాను. కంట్రోల్స్ పనిచేయక విమానం కూలిందన్న వార్త చదివినప్పటి నుంచి భయంగా ఉంది. ముందే పసిగట్టలేమా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ భయం అర్థం చేసుకోదగ్గదే. ఇలాంటి లోపాలు చాలావరకు నేలమీదే దొరుకుతాయి. తీయడం మరచిన కంట్రోల్ లాక్ (విమానం ఆగి ఉన్నప్పుడు కంట్రోల్స్ కదలకుండా పెట్టేది), మరమ్మతులో తిరగేసి బిగించిన కేబుల్, సీటు కింద ఇరుక్కున్న వస్తువు సాధారణ కారణాలు. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ 299 కూలింది లాక్ తీయకపోవడం వల్లే. చెక్‌లిస్ట్ అలవాటు బలపడింది ఆ విషాదం తర్వాతే.

ఎగిరే ముందు ఇవి తప్పనిసరి:
- లాక్ తీసి చేత్తో పట్టుకుని చూడండి. రెక్కల కీళ్లు, బోల్టులు, పిన్నులు తడిమి చూడండి.
- కంట్రోల్ చక్రాన్ని బొటనవేళ్లు పైకి ఉండేలా పట్టుకుని ఎడమకు తిప్పండి. వేళ్లు చూపిన వైపు, అంటే ఎడమ రెక్క ఐలరాన్ పైకి లేవాలి. చక్రం వెనక్కి లాగితే తోక ఎలివేటర్ పైకి లేవాలి. కదిలితే చాలదు, సరైన దిశలో కదలాలి.

గాలిలో సమస్య వస్తే ముందు విమానాన్ని స్థిరంగా ఉంచండి. ఎలివేటర్ కేబుల్ తెగితే ట్రిమ్, ఇంజన్ పవర్‌తో ముక్కును అదుపు చేయవచ్చు. ఐలరాన్ పోతే రడ్డర్‌ను మృదువుగా వాడండి. ‘మేడే’ చెప్పి, పొడవైన రన్‌వే అడగండి.

చక్రం ఏ కాస్త బిగుసుకున్నా ఎగరకండి. వెంటనే శిక్షకుడికీ మెయింటెనెన్స్ ఇంజినీరుకూ చెప్పండి. భయం నిద్ర చెడగొడుతుంటే విమానయాన వైద్యుణ్ని కలవండి.