ప్రొపెల్లర్‌కు గాటు పడితే ఎగరొచ్చా?

ప్రశ్న: ఫ్లయింగ్ స్కూల్లో సెస్నా 172 మీద శిక్షణ పొందుతున్నాను. ఎక్కబోయే ముందు చూసుకుంటుంటే ప్రొపెల్లర్ ముందంచున బియ్యపుగింజంత గాటు కనిపించింది. తోటివాళ్లు "ఏం కాదులే" అంటున్నారు. ఇంత చిన్నదానికి ఫ్లయిట్ మానుకోవాలా?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఇంజినీరుకు చూపించేదాకా ఎక్కకండి. 76 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 2,700 చుట్లు తిరిగితే బ్లేడు కొన వేగం గంటకు దాదాపు 980 కిలోమీటర్లు. ఆ విసురుకు బ్లేడు మొదలు దగ్గర టన్నుల కొద్దీ లాగుడు పడుతుంది, ఇంజిన్ అదురు సరేసరి. గాటు ఉన్నచోట ఆ ఒత్తిడి పోగుపడి, పగులు పుట్టి లోపలికి పాకుతుంది. బ్లేడు ముక్క ఊడితే తూకం తప్పి, ఆ అదురుకు ఇంజిన్ ఊడిపోయినా ఆశ్చర్యం లేదు.

ఇకముందు మాగ్నెటో స్విచ్ ఆఫ్ చేసి, తాళంచెవి తీశాకే బ్లేడు దగ్గరికి వెళ్లండి. అయినా అది ఏ క్షణాన్నైనా తిరగొచ్చన్నట్టే మెలగండి. అంచు వెంట గోరు నెమ్మదిగా జరపండి. గోరు తట్టుకుంటే టార్చి వేసి చూడండి. అడుగు వాడిగా ఉన్న గాటు మరీ చెడ్డది. లైసెన్సున్న ఇంజినీరు లోతు కొలిచి, తయారీదారు చెప్పిన హద్దులో ఉంటే ఆకురాయితో నున్నగా సాపుచేసి, పగులు లేదని రంగు ద్రావకంతో పరీక్షిస్తారు. ఆ పని మీరు చేయకూడదు.

ప్రశ్న: మా విమానం సముద్రానికి దగ్గర్లో ఉంటుంది. ప్రొపెల్లర్‌ను ఎలా కాపాడుకోవాలి?
– ఒక యజమాని, చెన్నై

జవాబు: అల్యూమినియం బ్లేడుకు ఉప్పుగాలి శత్రువు. ఎగిరి వచ్చాక తడిగుడ్డతో తుడిచి, ఆరాక పల్చగా నూనె గుడ్డ అద్దండి. రంగు ఉబ్బిందంటే కింద లోహాన్ని తుప్పు తినేస్తోందన్నమాట, వెంటనే చూపించండి. హబ్ మీద ప్రెషర్ వాషర్ కొట్టకండి, నీళ్లు లోపలికి దూరతాయి. కంకర మీద ఇంజిన్ వేగం పెంచకండి. కొన దగ్గరి సుడిగాలి రాళ్లను లేపి బ్లేడుకే కొడుతుంది. విమానాన్ని ప్రొపెల్లర్ పట్టుకుని లాగకండి, ముందు చక్రానికి తగిలించి లాగే కడ్డీ (టో బార్) వాడండి.

ప్రశ్న: టో బార్ తీయడం మరచి ఇంజిన్ స్టార్ట్ చేశారు. బ్లేడు కొన కొద్దిగా వంగింది. ఇంజిన్ బాగానే నడుస్తోంది. బ్లేడు సరిచేయించి వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వాడకూడదు. ఆ దెబ్బ బ్లేడుతో ఆగదు, క్రాంక్‌షాఫ్ట్ దాకా పోతుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు తగిలినా సరే, పైపై సాపుతో సరిపోని రిపేరు ప్రొపెల్లర్‌కు పడితే ఇంజిన్లు తయారుచేసే లైకమింగ్ సంస్థ దాన్ని ప్రొపెల్లర్ దెబ్బగానే లెక్కిస్తుంది. ఇంజిన్ విప్పి చూడాల్సిందే. ఖర్చుకు వెనకాడి లాగ్‌బుక్‌లో రాయకుండా దాచకండి. ఆ విషయం తెలియక తర్వాత ఆ విమానం ఎక్కే పైలట్ ప్రాణం మీ సంతకం మీదే ఉంటుంది.