బేస్ గిటారు: నాలుగు తీగలా, ఐదు తీగలా?

శ్రుతి తల్లి, లయ తండ్రి అని మన పెద్దల మాట. పాటలో ఈ ఇద్దరి బాధ్యతను ఒక్కటిగా వహించు వాద్యము బేస్ గిటారు. అది ఒకవైపు మంద్రస్థాయిలో ఆధారస్వరమును నిలుపును. మరొకవైపు తాళవాద్యముల నడకతో కలిసి అడుగు వేయును. కచేరీలో తంబురా మంద్రషడ్జము చేయు పని, ఖవ్వాలీలో తబలా జంటలోని 'బాయా' చేయు పని ఇచ్చట ఒకే వాద్యమునకు చేరినవి. ఇళయరాజా సంగీతము కూర్చిన 'గీతాంజలి' (1989) పాటలను శ్రద్ధగా వినిన వారికి ఈ వాద్యము యొక్క శక్తిని వేరుగా చెప్పనక్కరలేదు.

కార్ఖానా అను మాటకు ఉర్దూలో పని జరుగు చోటు అని అర్థము. ఆ పేరు గల పేటలో చదువుకొను మనము ఒక వాద్యమును ఎన్నుకొనునపుడు సైతము మొదట అడుగవలసినది దాని ఆడంబరమును గూర్చి కాదు, అది చేయవలసిన పనిని గూర్చి. ఐదు నాలుగు కంటె ఎక్కువ గనుక ఐదు తీగలదే మేలు అనుకొనుట తొందరపాటు. కళాశాల సొమ్ముతో కొనిన వాద్యము బీరువాలో పడియుండుట కంటె, కొనుటకు ముందు కొంత ఆలోచించుట మంచిది.

పుట్టుపూర్వోత్తరములు

అమెరికాలో లియో ఫెండర్ 1951లో 'ప్రెసిషన్ బేస్' అను నాలుగు తీగల విద్యుత్ వాద్యమును ప్రవేశపెట్టెను. నిలుచుండి వాయించు డబుల్ బేస్ శ్రుతినే దీనికిని ఉంచిరి: క్రిందినుండి పైకి ఇ, ఎ, డి, జి. జేమ్స్ జేమర్సన్, జాకో పాస్టోరియస్ వంటి గొప్ప వాదకులు ఈ నాలుగు తీగలతోనే ప్రపంచఖ్యాతి గడించిరి. 1965లో ఫెండర్ సంస్థ ఐదు తీగల వాద్యమును తెచ్చినది. కాని అందులోని అదనపు తీగ పైస్థాయికి చెందినది. నేడు మనము చూచుచున్న క్రింది 'బి' తీగ 1970ల దశకములో వచ్చి, 1980లలో వ్యాపించినది. సింథసైజరులు ఇ స్వరము కంటె క్రిందికి అవలీలగా దిగుచుండగా, బేస్ వాదకులకును ఆ లోతు అవసరమైనది.

తీగ వెనుక లెక్క

క్రింది ఇ తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపించును. బి తీగ సుమారు 31 సార్లు. అనగా ఐదవ తీగ వలన క్రిందికి కలిసివచ్చునవి ఐదు స్వరస్థానములు మాత్రమే.

ఆ ఐదింటికిని కొంత మూల్యము చెల్లింపవలెను. తీగ పొడవు, బిగువు మారకుండ కంపనసంఖ్య నాలుగింట మూడు వంతులకు దిగవలెనన్న, తీగ బరువు సుమారు 1.78 రెట్లు కావలెను. సాధారణముగా ఇ తీగ మందము 0.105 అంగుళము, బి తీగ మందము 0.130 అంగుళము. ఈ మందముల వర్గములను పోల్చిన, బరువు ఇంచుమించు 1.53 రెట్లే పెరిగినది. మిగిలిన లోటును బిగువు తగ్గించియే పూరింపవలెను. కావున బి తీగ బిగువు ఇ తీగ కంటె సుమారు 14 శాతము తక్కువగా నుండును. వాద్యము గట్టిగా నిర్మింపబడనిచో ఆ తీగ వదులుగా ఊగి, స్వరము మసకబారును. అందుచే కొందరు తయారీదారులు 34 అంగుళముల తీగ పొడవును 35 అంగుళములకు పెంచుదురు. అట్లు చేసిన బిగువు సుమారు 6 శాతము పెరుగును. కాని ఎడమచేయి మరింత చాపవలసివచ్చును. దండి వెడల్పగును. వాయింపని తీగ మ్రోగకుండ అణచుట కూడ ఒక అభ్యాసమగును.

గాయకుని శ్రుతి

మన పాటకు అసలైన గీటురాయి ఇదియే. మన సంప్రదాయములో షడ్జము గాయకుని కంఠమును బట్టి మారును. పురుషులు సాధారణముగా ఒకటి మొదలు రెండు శ్రుతులలోను, స్త్రీలు ఐదు, ఆరు శ్రుతులలోను పాడుదురు. హార్మోనియముపై ఒకటి అనగా సి, రెండు అనగా డి, ఐదు అనగా జి, ఆరు అనగా ఎ.

గాయని ఐదు శ్రుతిలో పాడినచో, ఆమె షడ్జము నాలుగు తీగల వాద్యమున ఇ తీగ మూడవ మెట్టుపైననే దొరకును, కంపనములు 49. ఇంతకంటె లోతు సామాన్యముగా అక్కరలేదు. గాయకుడు ఒకటి శ్రుతిలో పాడినచో, నాలుగు తీగలపై దొరకు అతి క్రింది షడ్జము 65 కంపనములది. దాని క్రిందనున్న పంచమ మధ్యమములు లభించును గాని, మరియొక స్థాయి దిగువనున్న 33 కంపనముల షడ్జము బి తీగపైననే గలదు. అనగా ఐదవ తీగ తెచ్చు స్వరములలోనే పురుషుల శ్రుతులు పడుచున్నవి. రెండు శ్రుతి గాయకునికి మాత్రము ఒక సులభోపాయము కలదు: ఇ తీగను వదులుచేసి డి స్వరమునకు దింపిన, నాలుగు తీగలతోనే 37 కంపనముల షడ్జము లభించును.

కొనుటకు ముందు

చిన్న స్పీకరు 31 కంపనముల నాదమును ఉన్నదున్నట్లు వినిపింపజాలదు. పై అనుస్వరములను బట్టి చెవి మూలస్వరమును ఊహించుకొనును గాని, గుండెకు తగులు గాంభీర్యము రాదు. తగిన స్పీకరు లేని బృందమునకు ఐదవ తీగ పూర్తిగా ఉపకరింపదు. అదనపు తీగతో తీగల జత ఖర్చును పెరుగును.

కావున క్రొత్తగా నేర్చు విద్యార్థికి నాలుగు తీగలే చాలును. బృందములో ఒకటి, ఒకటిన్నర శ్రుతుల గాయకులు ఎక్కువమంది ఉండి, అనుభవముగల వాదకుడును పెద్ద స్పీకరును ఉన్నచో ఐదు తీగలది సార్థకమగును. కళాశాల సంఘమువారికి ఒక మనవి: దుకాణమునకు వాదకుని మాత్రమే గాక, గాయకుని కూడ వెంట పంపవలెను. అతని షడ్జమును రెండు వాద్యములపైనను మ్రోగించి వినవలెను. పాటకు ఏది చక్కగా ఆధారమిచ్చునో అదియే మనకు తగిన వాద్యము.