జీడిపాకము – పదపరిశీలనము

శ్రీముఖలింగమున మహాశివరాత్రి తీర్థమునకు వచ్చినవారు మధుకేశ్వరుని సేవించి (ఇచట మధుకమనగా ఇప్పచెట్టు, తేనె కాదు) పిల్లలకు జీళ్ళు కొనిపోవుట ఉత్తరాంధ్ర తీర్థములన్నిట గల ఆచారమే.

కౌటిల్యుడు కోష్ఠాగారాధ్యక్ష ప్రకరణమున ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర అను ఐదింటిని క్షారవర్గముగా చెప్పినాడు. ఇవి చెఱకురసము కాగి గడ్డకట్టుటలోని భేదములను బట్టి యేర్పడిన పేర్లు. జీడి వీనిలో నిమడదు. దాని ప్రాణము కాచుటలో గాక సాగదీయుటలో నున్నది.

బెల్లపుపాకపు బొట్టును చల్లనినీట వేసిన గట్టిపడి పెళుసుగా విఱుగు వఱకు కాచవలెను. నూనె రాసిన బండపై పోసి, చేయి తాళు వేడిలోనే ముద్దచేసి, గుంజకు దిగిన మేకునకు తగిలించి లాగి, మడచి, మరల లాగుదురు. గాలి చేరినకొలది నల్లని పాకము పసిడివన్నెకు తిరిగి వెలరును, రంగేమియు కలుపనక్కఱలేదు. ఆలసించిన బిగిసిపోవును. పిదప తీగగా దీసి, తునుకలు చేసి, వేయించిన నువ్వులలో దొర్లింతురు.

ఈ పదమునకు సంస్కృతమూలము వెదకుట వ్యర్థమని నా తలంపు. నల్లజీడిగింజల జిగటరసమును బట్టి వచ్చిన దేశ్యమనుట యుక్తము. "వ్యవహారము జీడిపాకమైనది" అనుచోట మాత్రము అంటుకొనుట యని బోధింపరాదు. పేరు జిగటనుండి, జాతీయము సాగుటనుండి పుట్టినవి.